నిలువ నీడ లేనివారి బ్రతుకు



నిలువ నీడ లేనివారిని గుఱించి ఊరి పెద్దలతో ప్రసంగించుట యేల యని మీలో కొందఱికి తోచవచ్చును. రాత్రివేళ దుకాణముల మెట్లపైనను, వంతెనల క్రిందను, రైలు స్టేషను ముంగిటను వరుసగా పరుండు జనము పట్టణములలో కనబడువారే గదా, పల్లెలకు వారితో పని యేమి యని మీరనవచ్చును. అయినను ఈ మాట మొదట మీకే చెప్పవలసియున్నది. ఏలయన, ఆ మెట్లపై పరుండినవారిలో అనేకులు ఒకప్పుడు ఏదో యొక యూరివారే. వారు ఊరు విడిచి పోవుచుండగా చూచినవారు ఆ యూరి పెద్దలే. వారు మరలివచ్చిన దినమున రమ్మనుటకో, పొమ్మనుటకో నోరు గలవారును ఆ పెద్దలే.

ముందుగా ఇట్టివారెందఱో తెలిసికొందము. జనాభా లెక్కల అధికారులు వీరికొక నిర్వచనము చేసియున్నారు. ఇంటిలో గాక బాట ప్రక్కను, కాలిబాటపైనను, పెద్ద సిమెంటు గొట్టములలోను, వంతెనల క్రిందను, మెట్ల క్రిందను, గుడి మంటపములలోను, రైలు ప్లాట్‌ఫారములపైనను కాలము గడపువారిని వారు ఇల్లు లేనివారుగా వ్రాసికొందురు. ఇంటింటికి తిరిగి లెక్కించుటకు వీరికి ఇల్లే లేదు. కావున 2011వ సంవత్సరమున దేశములో చాల భాగమునందు ఫిబ్రవరి 28వ తేది రాత్రి, ఒక్క రాత్రిలోనే, వీరిని లెక్కించిరి. ఆ లెక్కకు వచ్చినవారు సుమారు 17 లక్షల 70 వేలమంది. అందు పట్టణములలోనివారు 9 లక్షల 40 వేలకు దగ్గఱగాను, పల్లెలలోనివారు 8 లక్షల 30 వేలకు పైగాను ఉండిరి. నాటి ఉమ్మడి ఆంధ్రప్రదేశమునందే సుమారు 1 లక్షా 45 వేలమంది తేలిరి. అంతకు పదియేండ్ల ముందు, 2001లో, దేశమంతటి సంఖ్య 19 లక్షలు దాటియుండెను. మొత్తము కొంత తగ్గినదని సంతోషింపవచ్చును. కాని ఆ పదియేండ్లలో తగ్గినది పల్లెలలోని సంఖ్య. పట్టణములలోని సంఖ్య పెరిగినది. చీకటిలో ఒదిగి పరుండినవారినందఱిని ఒక్క రాత్రిలో కనుగొనుట కష్టము గనుక, అసలు సంఖ్య ఇంతకు మించియే యుండునని వీరి నడుమ పనిచేయువారు చెప్పుదురు.

పట్టణమునకు పోయినవాడు కాలిబాటపైనే యెందుకు పరుండవలెను? ఈ ప్రశ్న మన సుప్రీముకోర్టు ముందఱకు వచ్చినది. 1981లో బొంబాయి నగరపు కాలిబాటలపై గుడిసెలు వేసికొన్నవారిని తొలగింపబూనినపుడు వారి పక్షమున వ్యాజ్యము వేసిరి. ప్రధాన న్యాయమూర్తి చంద్రచూడ్ గారును, తోడి న్యాయమూర్తులును 1985 జులై 10న తీర్పు చెప్పిరి. ఆ జనము కాలిబాటను కోరి ఎన్నుకొనలేదనియు, పని దొరకు చోటికి దగ్గఱగా నుండుటకై అచ్చట చేరిరనియు, మనిషి జీవించు హక్కులో జీవనోపాధి హక్కు చేరియున్నదనియు ఆ తీర్పు తేల్చెను. అయితే కాలిబాట నడచువారి కొఱకున్నది గావున, తగిన నోటీసు ఇచ్చి వారిని తొలగింపవచ్చుననియు, వానకాలము ముగియువఱకు మాత్రము ఆగవలెననియు ఆ తీర్పే చెప్పెను. పెద్ద మాటయు, చిన్న గడువును ఒక్క కాగితముపైననే యున్నవి. ఇల్లు లేనివాని బ్రతుకు నేటికిని ఈ రెంటి నడుమనే నలుగుచున్నది.

ఆ బ్రతుకు ఎట్టిదో కొంచెము దగ్గఱగా చూతము. మొదట నిద్ర. ఇంటిలో పరుండువాడు తన నిద్రను ఒక సంపదగా ఎంచడు. మెట్లపై పరుండువానికి దుకాణము మూసిన పిదప గాని చోటు దొరకదు. తెల్లవారి దుకాణము తెఱచులోపల లేచిపోవలెను. ఈ నడుమ దోమలు, వాన, వచ్చిపోవు బండ్ల మ్రోత, లెమ్మని అదలించు లాఠీ. దినమంతయు చేసిన కూలి డబ్బు తలక్రింది మూటలో నుండును. గాఢముగా నిద్రించినవాడు లేచునప్పటికి మూట యుండదు. కావున అతడు సగము కన్ను తెఱచియే నిద్రించును. అట్టి నిద్రతో తెల్లవాఱుజామున కూలీల అడ్డాకు పోయి నిలువవలెను. దొరికిన దినమున ఇటుకలు మోయవలెను.

తరువాత నీరు, మరుగు. స్నానమునకు డబ్బు, మరుగుదొడ్డికి డబ్బు. ఇంటిలో నున్నవానికి దినమునకు ఎన్నిమారులు పోయినను లెక్క లేదు. వీరికి ప్రతి పర్యాయమును లెక్కయే. ఆడవారి బాధ చెప్పనలవి కాదు. చీకటి పడువఱకు ఆపుకొందురు. ఆపుకొనుట కొఱకై నీరు త్రాగుట తగ్గింతురు. అందుచేత రోగములు తెచ్చుకొందురు. నెలసరి దినములలో చాటు లేక, నీరు లేక వారు పడు ఇక్కట్టు ఇంకను ఘోరము. రాత్రి యెవడు వచ్చి చేయి పట్టుకొనునో యను భయము వారికి ఒకనాటిది కాదు, ప్రతి రాత్రిది.

పొయ్యి లేకుండుట మఱియొక కష్టము. పొయ్యి పెట్టుకొనుటకు చోటు గలవాడు గుప్పెడు బియ్యముతో గంజి కాచుకొని యైనను ఒక పూట గడపుకొనగలడు. చోటు లేనివాడు ప్రతి ముద్దయు కొనవలెను. అందుచేత కడు పేదవానికే తిండి ఖరీదెక్కువ పడుచున్నది. ఈ కారణము చేతనే 2014లో హైదరాబాదు నగరమున మొదలిడిన అయిదు రూపాయల భోజనమును, 2018లో ఆంధ్రప్రదేశమున మొదలై నడుమ మూతపడి 2024లో మరల తెఱవబడిన అన్న క్యాంటీనులును ఇట్టివారికి గొప్ప ఆదరువులైనవి.

ఇక రోగము. సర్కారు ఆసుపత్రిలో మందు ఉచితముగా దొరకవచ్చును. కాని వేళకు తినుము, చన్నీట తడియకుము, పది దినములు విశ్రాంతి గొనుమని వైద్యుడు చెప్పు మాటలు ఇల్లు గలవాని కొఱకు చెప్పు మాటలు. విశ్రాంతి గొనుటకు మంచమేది? క్షయరోగమునకు నెలల తరబడి మందు తినవలెను. ఆ మందు దాచుకొనుటకు గూడేది? ఇంగ్లండు, వేల్సు దేశములు మన దేశముకంటె ఎంతయో సంపన్నమైనవి. అచ్చటి ప్రభుత్వ గణాంక శాఖవారు 2018లో ఇల్లు లేక మరణించినవారి సగటు వయస్సును లెక్కవేయగా, పురుషులకు 45 ఏండ్లు, స్త్రీలకు 43 ఏండ్లు మాత్రమే యని తేలినది. తక్కిన జనము అచ్చట సగటున 75 ఏండ్లు దాటియే మరణించుచున్నారు. ముప్పదియేండ్ల ఆయువు ఇంటి గడపకు లోపలను, వెలుపలను అను భేదముపై నిలిచియున్నదన్నమాట.

వీటన్నిటికిని మించిన కొఱత యొకటి కలదు. అది చిరునామా. రేషను కార్డు కావలెనన్నను, పింఛను కావలెనన్నను, బిడ్డను బడిలో చేర్పింపవలెనన్నను మొదటి ప్రశ్న, నీ ఇల్లెక్కడ యనునదియే. ఈ విషయమున ఎన్నికల సంఘమువారి పద్ధతి మెచ్చదగినది. ఇల్లు లేనివాడు ఓటరుగా చేరగోరినచో ఇంటి పత్రము చూపనక్కఱలేదు. తాను పరుండు చోటును వ్రాసి ఇచ్చిన చాలును. అధికారి రాత్రివేళ అచ్చటికి వచ్చి, అతడు నిజముగా అచ్చటనే నిద్రించుచున్నాడా యని చూచి పేరు చేర్చుకొనును. మనిషి ఉన్న చోటికే ప్రభుత్వము వచ్చి పలుకరించు ఈ పద్ధతి తక్కిన శాఖలలోను పాటింపబడినచో ఎన్ని చిక్కులు తీరునో ఆలోచింపుడు.

ఇంతవఱకు చెప్పినదంతయు బయటినుండి చూచి చెప్పినది. మనిషి బ్రతుకు బాగున్నదో లేదో తేల్చి చెప్పగలవాడు ఆ మనిషియే. దీనినే నేటి విద్వాంసులు జీవన నాణ్యత యనుచున్నారు. దీనిని తెలిసికొనుటకు ప్రపంచ ఆరోగ్య సంస్థవారు 26 ప్రశ్నలు గల పత్రము నొకదానిని సిద్ధపఱచిరి. ఆ ప్రశ్నలు నాలుగు విషయములకు చెందినవి. మొదటిది శరీరము: నొప్పి, నిద్ర, పనిచేయు శక్తి. రెండవది మనస్సు: సంతోషము, దిగులు, తనయందు తనకు గల గౌరవము. మూడవది మనుషులు: బంధువులు, స్నేహితులు, ఆపదలో ఆదుకొనువారు. నాలుగవది పరిసరములు: ఇల్లు, డబ్బు, భద్రత, వైద్యము. సర్కారు లెక్కలలో ఇల్లు లేనివాడనగా నాలుగవ విషయము లోపించినవాడు మాత్రమే. అతనినే అడిగి చూచినచో నాలుగును లోపించినవని తెలియును. మఱియు అవి ఒకదానినొకటి లాగుచుండును. నిద్ర లేక పని చెడును, పని చెడి డబ్బు పోవును, డబ్బు లేక ఇంటికి పోవుటకు సిగ్గుపడును, సిగ్గుచేత బంధువులు దూరమగుదురు, ఆ దిగులు మఱచుటకు త్రాగుడు మరగును. త్రాగుబోతు గనుక ఇల్లు పోయినదని చూచువారందురు. ఇల్లు పోయిన పిదప త్రాగుడు పట్టుకొన్నవారును అనేకులున్నారని వారెఱుగరు.

మఱి దీనికి చికిత్స యేమి? మన దేశమున సత్రములు కట్టించుట పూర్వమునుండి గొప్ప పుణ్యకార్యముగా నెన్నబడినది. గోదావరి లంకలలో డొక్కా సీతమ్మగారు వేళ గాని వేళ వచ్చినవారికి సైతము అన్నము పెట్టి చిరకీర్తి గడించిరి. ఈ ధర్మమునకు నేటి రూపములు రాత్రి బసలు. 2010వ సంవత్సరపు చలికాలమున ఢిల్లీలోని బసల విషయము సుప్రీముకోర్టుకు రాగా, ఆ విచారణ తక్కిన నగరములకును వ్యాపించి, లక్ష జనాభాకు ఒక బస యుండవలెనను నియమము ఏర్పడినది. 2013లో కేంద్ర ప్రభుత్వము ప్రారంభించిన పట్టణ జీవనోపాధుల పథకములో, లక్ష జనాభాకు కనీసము నూఱుమందికి బసలలో చోటుండవలెననియు, మనిషికి 50 చదరపు అడుగులకు తగ్గరాదనియు వ్రాసిరి. వ్రాసిన దానికిని జరిగిన దానికిని ఎడము కనబడుటచే, 2016లో సుప్రీముకోర్టు ఢిల్లీ హైకోర్టు మాజీ న్యాయమూర్తి కైలాష్ గంభీర్ గారి అధ్యక్షతన ఒక సంఘమును వేసి విచారింపజేసెను.

ఇట్టి బసలు ఎన్నో ప్రాణములు కాపాడినవి. ఇంకను ఎక్కువగా కావలెను. కాని సత్రము బాటసారి కొఱకు కట్టినది. బాటసారికి వెనుక ఒక ఇల్లు కలదు, ముందఱ ఒక గమ్యము కలదు. అతనికి రెండు రాత్రుల నీడ చాలును. వెనుక ఇల్లును, ముందఱ గమ్యమును లేనివానిని ఏండ్ల తరబడి సత్రములో నుంచుట బ్రతుకు కాదు. బసలో ఆలుమగలు ఒకచోట నుండుటకు వీలు తక్కువ. సామాను విడిచి పనికి పోవుటకు ధైర్యము చాలదు. పని దొరకు చోటికి బస దూరమైనచో తెల్లవాఱుసరికి అడ్డా చేరలేరు. అందుచేతనే బసలో చోటుండగా గూడ కొందఱు మెట్లపైననే పరుండుదురు. అది మూర్ఖత కాదు. కూలి పోగొట్టుకొనలేని లెక్క.

ఈ సంగతిని గ్రహించి వేఱు మార్గము త్రొక్కిన దేశములు కలవు. ఫిన్లండు మిక్కిలి చలి దేశము. 1980వ దశకమున అచ్చట ఇల్లు లేనివారు 18 వేలకు మించియుండిరి. 2008లో ఆ ప్రభుత్వము బసలను మెల్లమెల్లగా తగ్గించి, వాటి స్థానమున చిన్న చిన్న వాటాలు కట్టించి, అద్దె కాగితముపై వారి పేరనే ఇచ్చుటకు పూనుకొన్నది. ముందు త్రాగుడు మానుము, పని చూపుము, అటుపిమ్మట ఇల్లిచ్చెదమను షరతు లేదు. ముందు ఇల్లు, తక్కినవి తరువాత. 2023 నాటికి అచ్చటి సంఖ్య 3,500 లోపునకు దిగినది. 2024లో మరల కొంత పెరిగినది గావున, ఈ పని ఒకమారు చేసి మఱచిపోదగినది కాదనియు తెలియుచున్నది. కెనడా దేశమున 2009 మొదలు 2013 వఱకు అయిదు నగరములలో, మనోవ్యాధి గల ఇల్లు లేనివారిని రెండు వేలమందికి పైగా తీసికొని ఈ పద్ధతిని పరీక్షించిరి. కొందఱికి ముందు ఇల్లిచ్చి సహాయకులను తోడుంచిరి; తక్కినవారిని వాడుకలోనున్న ఏర్పాట్లకు విడిచిరి. చివరి ఆఱు నెలలలో కాలమంతయు ఇంటిలో నిలిచినవారు మొదటి తెగలో నూటికి 62 మంది, రెండవ తెగలో 31 మంది. మీ బ్రతుకెట్లున్నదని అడిగినపుడు మెఱుగైనదని ఎక్కువగా చెప్పినవారును మొదటి తెగవారే.

సంపన్న దేశముల మాట మనకేల యనవచ్చును. మన ప్రక్కనున్న మద్రాసు నగరమున, నేటి చెన్నైలో, 1993లో ఇద్దఱు యువతులు, వందనా గోపికుమార్, వైష్ణవీ జయకుమార్ గారలు, మతి చలించి వీథుల పాలైన స్త్రీల కొఱకు బన్యన్ అను సంస్థను స్థాపించిరి. చికిత్స పొంది నెమ్మదించినను పోవుటకు చోటు లేనివారు అనేకులు మిగిలిరి. 2015 మొదలు వారిని నలుగురైదుగురు చొప్పున ఊళ్లలోను, పేటలలోను మామూలు అద్దె ఇండ్లలో నుంచుచున్నారు. వారు తమ వంట తాము చేసికొందురు, సంతకు పోవుదురు, ఇరుగుపొరుగువారితో మాటాడుదురు. ఆసుపత్రి గోడల నడుమ ఏండ్లు గడపినవారు పొరుగింటివారు పిలిచిన పేరంటమునకు పోగలుగుట చిన్న సంగతి కాదు. ఇట్లే మహారాష్ట్రమున భరత్ వట్వానీ గారను వైద్యులు 1988 నుండి శ్రద్ధా అను సంస్థ ద్వారా వీథులలో తిరుగాడు మనోవ్యాధిగ్రస్తులను చేరదీసి, చికిత్స చేసి, వారి యూళ్లు కనుగొని, వేలమందిని ఇంటికి చేర్చిరి. 2018లో వారికి రామన్ మెగసేసే బహుమానము లభించెను. వారి బండి ఒక యూరి పొలిమేరలో ఆగినపుడు, లోపలనున్న మనిషి బ్రతుకు ఇక వైద్యుని చేతిలో లేదు. ఆ యూరివారి చేతిలో నున్నది.

ఇక మీరు చేయదగిన పనులు చెప్పెదను. ఇవి డబ్బుతో కూడినవి కావు, మాటతో కూడినవి.

మొదటిది. మన యూళ్లనుండి గుంపు మేస్త్రీలు కూలీలను దూర నగరములకు కొనిపోవుదురు. పాలమూరు ప్రాంతమున ఇది తరతరములుగా జరుగుచున్నది. బయలుదేరుటకు ముందు కూలి యెంత యని అందఱును అడుగుదురు. రాత్రి పరుండుట యెక్కడ యని అడుగువారు తక్కువ. భవన నిర్మాణ కార్మికులకై 1996లో చేసిన చట్టము ప్రకారము, పని జరుగు చోటనో, దగ్గఱనో, వంటకును స్నానమునకును మరుగునకును వేర్వేఱు ఏర్పాట్లతో ఉచితముగా వసతి చూపుట యజమాని విధిగా నుండెను. ఈ యొక్క ప్రశ్న పెద్దలు నలుగురిలో అడిగినచో మేస్త్రీ జవాబు చెప్పక తప్పదు. దానితోబాటు పోవువారి రేషను కార్డులను చక్కపఱచి పంపుడు. 2022 నాటికి దేశమంతట ఏ యూరనైనను ఆ కార్డుపై చౌకబియ్యము తీసికొనుటకు వీలు ఏర్పడినది.

రెండవది. వృద్ధులైన తలిదండ్రులను తీర్థయాత్ర పేరిట తీసికొనిపోయి విడిచివచ్చుటయు, ఆస్తి వ్రాయించుకొని గెంటివేయుటయు వినుచున్నాము. 2007 నాటి చట్టము ప్రకారము ఇట్టివారు సబ్ డివిజను అధికారికి తగ్గనివారు అధ్యక్షులుగా నుండు ట్రిబ్యునలుకు అర్జీ పెట్టుకొని పోషణ ధనము కోరవచ్చును. వృద్ధులను విడిచిపెట్టినవారికి మూడు నెలల వఱకు ఖైదును, జరిమానయు కలవు. ఆ ముసలివారికి అర్జీ వ్రాసిపెట్టి, వెంట పోవువారొకరు కావలెను.

మూడవది. మతి చలించి ఊరూర తిరుగుచున్నవారు కనబడినచో పిల్లలు రాళ్లు రువ్వకుండ చూచుటతో మీ బాధ్యత తీరదు. 2017 నాటి మానసిక ఆరోగ్య చట్టము ప్రకారము అట్టివారిని కాపాడి, 24 గంటలలోపల ప్రభుత్వ వైద్యశాలకు చేర్చుట పోలీసువారి విధి, లాకప్పులో నుంచరాదు. ఠాణాకు కబురు చేసి, ఈ మాట జ్ఞాపకము చేయుడు.

నాలుగవది అన్నిటికంటె కష్టమైనది. 2020 మార్చిలో మహమ్మారి కారణముగా దేశమంతయు మూతపడినపుడు, పని పోయి, వసతి పోయి లక్షలమంది వందల మైళ్లు కాలినడకను స్వగ్రామములకు బయలుదేరిరి. కొన్ని యూళ్లవారు బడులలో చోటిచ్చి అన్నము వండి పెట్టిరి. కొన్ని యూళ్లవారు బాటకు అడ్డముగా ముండ్లకంపలు వేసిరి. రోగభయము తప్పని కాలమది. ఎవరిని నిందించియు ప్రయోజనము లేదు. కాని ఊరను మాటకు అర్థము ఏమో ఆ దినములలో తెలిసినది. ఓడి వచ్చినవానిని, అప్పుపడి వచ్చినవానిని, జబ్బుపడి వచ్చినవానిని, మగడు విడిచిన యాడపడుచును, ఎక్కడికి పోయితివి, ఏమి తెచ్చితివి యని అడుగక, లోపలికి రమ్మనగల యూరు ఎన్ని చట్టములకైనను సమానము.

ఇల్లు లేనివారందఱికి ఇండ్లు కట్టించుట ప్రభుత్వముల పని. అది చేయుమని అడుగుట మన హక్కు. అయితే మనిషి నడివీథిలో పడుటకు ముందు అతని చేయి విడిచినవారు కొందఱుందురు. ఆ కొందఱిలో మన యూరు చేరకుండ చూచుకొనుట మన పని. మీ యూరిలో ఏ ఇంటి తలుపు నేడు ఎవరికి మూతపడనున్నదో నాకు తెలియదు, ప్రభుత్వమునకు తెలియదు. మీకు తెలియును. రేపు ప్రొద్దున ఆ ఇంటి అరుగుపై కూర్చుండి ఒక మాట చెప్పిరండు.